ట్రాపర్ బొమ్మలకి రంగులు: తోలు, బొచ్చు, చెక్క అన్నీ ఒకే గోధుమ ముద్ద అయిపోతున్నాయి, ఏం చేయాలి?

కావలి_కుంచె (కావలి)

అందరికీ నమస్కారం. నెల్లూరులో దర్గామిట్ట అన్న వాళ్లింట్లో ఆదివారాలు పల్ప్ హారర్ ఆట (బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడేది, పాత చవక పత్రికల భయం కథల తరహా) మొదలవుతోంది. కథ 1920ల నాటి కెనడా అడవిలో. మంచు, పాడుబడ్డ కలప శిబిరం, రాత్రిపూట చెట్ల మధ్య ఏదో తిరుగుతుంటుంది. నా వంతుకి ట్రాపర్ల ముఠా వచ్చింది. అంటే ఉచ్చులు పెట్టి జంతువుల్ని పట్టి, బొచ్చు చర్మాలు అమ్ముకునే అడవి మనుషులు. 28 మి.మీ. మెటల్ బొమ్మలు.

సమస్య ఏందంటే, వీళ్ల ఒంటి మీద ఉన్నదంతా గోధుమ రంగే. తోలు కోటు, దానికి కుచ్చులు, బొచ్చు టోపీ, తోలు బెల్టు, చెక్క తుపాకి, భుజాన బీవర్ (నీళ్లలో తిరిగే బొచ్చు జంతువు) చర్మాలు, ఆఖరికి గడ్డం కూడా. సైనికుల బొమ్మలైతే యూనిఫాం ఒక రంగు, బెల్టు ఇంకో రంగు, అయిపోయింది. వీళ్లకి ఏ గోధుమ ఎక్కడ వేసినా రెండడుగుల దూరం నుంచి ఒకటే ముద్ద. ఫొటో పెడుతున్నా, చూసి చెప్పండి. బొమ్మ నిలబడే బేస్ మీద మంచు ఎట్లా చేయాలో కూడా చెప్తే పుణ్యం ఉంటుంది. మంచు అంటే నాకు తెలిసింది ఫ్రిజ్‌లో గడ్డకట్టేదే.

ఒంగోలు_పాలెట్ (ఒంగోలు)

తమ్ముడూ, ఫొటో చూశాను. రంగు పలచగా వేశావు, మడతల్లోకి వాష్ (నీళ్లు ఎక్కువ కలిపిన రంగు) కూడా చక్కగా దిగింది. తంటా అంతా ఒక్క చోటే ఉంది. సీసాల మీద పేర్లు వేరుగా ఉన్నాయి గానీ ముదురు, లేత తేడా లేదు.

నేనైతే బ్రష్ తడిపే ముందే తేల్చుకుంటాను, బొమ్మ మొత్తంలో అన్నిటికంటే లేతది ఏది, ముదురుది ఏది అని. ట్రాపర్‌కి లేతది కోటు. అది బక్‌స్కిన్, అంటే జింక తోలు. జంతువు మెదడు గుజ్జు పట్టించి మెత్తబరిచి, ఆ తర్వాత పొగబెట్టేవాళ్లు. పొగ తక్కువ తగిలితే మీగడ రంగు, ఎక్కువ తగిలితే బెల్లం రంగు. కాబట్టి కోటు నువ్వు అనుకున్న దానికంటే లేతగా వేసినా అబద్ధం కాదు. ముదురుది టోపీ. దాన్ని దాదాపు నలుపు నుంచి మొదలుపెట్టి పైకి తీసుకురా. మిగతావన్నీ ఈ రెండిటి మధ్య సర్దుకుంటాయి.

ఆ తర్వాత ప్రతి గోధుమని ఒక్కో వైపుకి లాగాలి. తోలుకి నారింజ చుక్క, బొచ్చుకి నీలం చుక్క, తుపాకి చెక్కకి ఎరుపు, గడ్డానికి బూడిద రంగు. చుక్క అంటే చుక్కే.

ఇక బ్రష్ నడక. దీన్ని చాలామంది పట్టించుకోరు. బొచ్చుకి డ్రై బ్రష్ (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో రుద్దడం) సరే, బొమ్మ చేసినవాడు వెంట్రుకలు చెక్కే ఉంచాడు, పైపైన తుడిస్తే అవే తేలతాయి. కానీ తోలు మీద డ్రై బ్రష్ పెట్టొద్దు, సున్నం పూసినట్టు పొడిపొడిగా తేలుతుంది. తోలుకి అంచుల వెంట సన్నగీత, మోచేతుల దగ్గర, జేబు మూతల దగ్గర అడ్డదిడ్డంగా నాలుగు గీతలు. చెక్కకి పొడుగ్గా వంకర గీతలు. ఉన్నికి పాత బ్రష్ మొనతో చుక్కచుక్కగా పొడవడం. మూడు వస్తువులకి ఒకే సీసా వాడినా ఈ పని వేరుగా చేస్తే విడిపోతాయి.

కుచ్చుల సంగతి. అవి ఉత్త సోకు కాదు, కోటు మీద పడ్డ వాననీళ్లు వాటి వెంట జారి కిందికి కారిపోయేవి. అందుకని మొదళ్ల దగ్గర ముదురుగా వదిలేసి, ఒక్కో కుచ్చుకి కొసన మాత్రమే లేత గీత పెట్టు. రకూన్ (తోక మీద పట్టీలుండే అడవి జంతువు) టోపీ తోకకి ముదురు, లేత పట్టీలు మర్చిపోకు. దూరం నుంచి ‘ఇది తోక’ అని చెప్పేది ఆ పట్టీలే.

మైపాడు_మాస్టారు (నెల్లూరు)

పాలెట్ గారి మాటకి ఒక చిన్న పరీక్ష జోడిస్తాను. బొమ్మని ఫోన్లో ఫొటో తీసి, ఎడిట్‌లోకి పోయి రంగు మొత్తం తీసేయండి. నలుపు తెలుపులో కోటు, టోపీ, తుపాకి విడివిడిగా కనిపిస్తే మీరు గెలిచినట్టే. అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఎంత ఖరీదైన రంగు వేసినా దండగ. పిల్లలకి డ్రాయింగ్ చెప్పినన్నాళ్లూ ఇదే చెప్పాను, అప్పుడు ఫోన్లు లేవు కాబట్టి కళ్లు సగం మూసి చూడమనేవాణ్ణి.

ఇంకో మాట. అన్నన్ని గోధుమ సీసాలు కొనాల్సిన పనిలేదు. బర్న్‌ట్ సియెన్నా ఒకటి, అల్ట్రామెరీన్ నీలం ఒకటి, తెలుపు ఒకటి ఉంటే చాలు. సియెన్నా ఎక్కువైతే ఎర్రటి తోలు, నీలం పెంచుకుంటూ పోతే తడిసిన చెక్క, ఇంకా పెంచితే దాదాపు నలుపు. తెలుపు చేరితే గడ్డం, చర్మం లోపలి వైపు. అన్నీ ఒకే తల్లి పిల్లలు కాబట్టి బొమ్మ మీద కొట్లాడుకోవు. సియెన్నా, అంబర్ రెండూ ఇనుము ఉన్న మట్టి రంగులే. అంబర్‌లో మాంగనీసు కూడా ఉంటుంది, అందుకే దానికి ఆ నలుపు. పచ్చి సియెన్నా పసుపు మట్టిలా ఉంటుంది, కాలిస్తే ఎర్రబడుతుంది.

సింగరాయకొండ_డైస్ (సింగరాయకొండ)

మధ్యలో దూరుతున్నా. ఫొటోలో పక్కన టీ గ్లాసు కనపడతా ఉంది. పాత మెటల్ బొమ్మల్లో సీసం కలుస్తుంది తమ్ముడూ. అంచులు అరగదీసేటప్పుడు ఆ పొడి చేతికి అంటుతుంది. సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినొద్దు. బ్రష్ మొన నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటుంటే అది కూడా మానెయ్.

పాటూరు_పడుగు (పాటూరు, కోవూరు దగ్గర)

ముఠాలో అందరికీ తోలు కోట్లే ఎందుకు? 1920లంటే ఎర్ర, నల్ల గళ్ల ఉన్ని కోటు వేసుకునే కాలం, మాకినా అంటారు. ఒక్కడికి అది తొడిగితే బల్ల మీద మొత్తం ముఠాకే కళ వస్తుంది.

గళ్లు వేయడం కష్టమని చాలామంది భయపడతారు. మాది నేత ఇల్లు కాబట్టి నాకు అది తిరగేసి కనిపిస్తుంది. ఆ గుడ్డ మన గళ్ల లుంగీ నేసినట్టే. పడుగులో ఎర్ర పట్టీ, నల్ల పట్టీ ఉంటాయి, పేకలో కూడా అంతే. ఎరుపు మీద ఎరుపు పడిన చోట నిండు ఎరుపు, నలుపు మీద నలుపు పడిన చోట నిండు నలుపు, ఎరుపు నలుపు కలిసిన చోట రెంటికీ మధ్య రంగు. అంటే మూడు రంగులు. ఇంటర్నెట్‌లో చాలా బొమ్మల మీద ఎరుపు మీద నల్లగీతలు గీసి వదిలేస్తారు, అది జైలు కిటికీలా ఉంటుంది.

కోటు మొత్తం ఎరుపు వేసి, మడతల్లో వాష్ పోసి ఆరనివ్వండి. ఎరుపులో నలుపు కలిపి ముదురు చేసి, నీళ్లు ఎక్కువ పోసి, నిలువు పట్టీలు వేయండి. పట్టీ వెడల్పు, మధ్యలో వదిలే ఖాళీ వెడల్పు సమానంగా ఉండాలి. అదే రంగుతో అడ్డ పట్టీలు. ఇప్పుడు అవి ఒకదాన్నొకటి దాటే చోట చిన్న చదరం కనపడుతుంది, అందులో మాత్రమే నలుపు నింపండి. చివర్లో మిగిలిన ఎర్ర గడి మధ్యలో నారింజ కలిపిన ఎరుపు ఒక్క చుక్క. పట్టీలు మడతల వెంట వంగాలి, చేతి చుట్టూ తిరగాలి, స్కేలు పెట్టి గీసినట్టు ఉండకూడదు. భుజం దగ్గర, చంక దగ్గర గళ్లు సరిగ్గా కలవకపోయినా కంగారు పడొద్దు, కుట్టిన కోటు మీద కూడా అక్కడ కలవవు.

కావలి_కుంచె

అక్కా, ఇది ప్రింట్ తీసి గోడకి అతికిస్తా. ఒక డౌటు. రకూన్ టోపీ పెట్టుకుని పాత తుపాకి పట్టుకున్న వాడికి ఈ గళ్ల కోటు నప్పుతుందా?

దర్గామిట్ట_బల్ల (నెల్లూరు)

ఆట నడిపేది నేనే కాబట్టి ఇది నేను చెప్పాలి. నీ దగ్గరున్న బొమ్మల్లో రెండు కాలాలు కలిసిపోయి ఉన్నాయి. చెకుముకి తుపాకి, రకూన్ టోపీ, కుచ్చుల కోటు అంటే 1800ల మొదటి సగం. రాకీ పర్వతాల్లో ట్రాపర్లు ఏటా కలుసుకుని సరుకు మార్చుకునే సంతలు 1825 నుంచి 1840 దాకా జరిగాయి. యూరప్‌లో బీవర్ బొచ్చుతో చేసే టోపీల కోసమే ఆ వేట. పట్టు టోపీల ఫ్యాషన్ రాగానే చర్మాల ధర పడిపోయింది, వాళ్ల వ్యాపారమూ పడిపోయింది. మన కథ జరిగే 1920లకి ట్రాపర్లు ఉన్నారు గానీ వాళ్ల చేతిలో లివర్ లాగి తూటా ఎక్కించే వించెస్టర్ 1894 మోడల్, ఒంటి మీద ఉన్ని.

లివర్ తుపాకి ఉన్న వాళ్లకి గళ్ల కోటు వెయ్యి. మిగతా వాళ్లలో పొడుగు దుప్పటి కోటు తొడుక్కున్నవాడు ఒకడు ఉన్నాడు చూడు, వాడు నీ అదృష్టం. దాన్ని కాపోట్ అంటారు. బొచ్చు వ్యాపారం చేసిన హడ్సన్ బే కంపెనీ దుప్పటితో కుట్టేవాళ్లు. ఆ కంపెనీ 1670లో పుట్టింది. దుప్పటి మీగడ తెలుపు, అంచున ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలిమందు రంగు పట్టీలు. పక్కన చిన్న చిన్న నల్లగీతలు కూడా ఉంటాయి, అవి దుప్పటి సైజుకి గుర్తు. ఇంత గోధుమ మధ్యలో ఆ తెలుపు ఒక్కటి చాలు.

ఒంగోలు_పాలెట్

మరి ఆ చెకుముకి తుపాకివాణ్ణి పక్కన పెట్టకండి దర్గామిట్ట గారూ. దెయ్యం చేసేయండి. నూరేళ్ల కింద ఆ అడవిలో చచ్చిపోయిన ట్రాపర్. తెల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత), దాని మీద బాగా నీళ్లు కలిపిన ఆకుపచ్చ నీలం వాష్, ఆరాక తెలుపుతో డ్రై బ్రష్. ఒక్క సాయంత్రం పని. కింద నుంచి పైకి తెలుపు పెంచుకుంటూ పోండి, కాళ్లు బేస్‌లో కరిగిపోయినట్టు వస్తుంది. మాస్టారి మూడు ట్యూబులతో కూడా తంటా లేదు.

దర్గామిట్ట_బల్ల

అబ్బా! తీసుకున్నా. కావలి తమ్ముడు ఈ పోస్టు చదవనట్టు నటించాలి మరి.

కావలి_కుంచె

చదవలేదన్నా.

సరుగుడు_తోపు (కొత్తపట్నం)

బేస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మన సముద్రం పక్కనే ఉంది కదా సరకంతా. ఎండిన సరుగుడు ఆకులు ఏరుకోండి. నిజానికి అవి ఆకులు కావు, సన్న కొమ్మలు, కణుపు కణుపుగా విరుగుతాయి. అట్లా విరిచి బేస్ మీద చల్లితే పైన్ అడవి నేల వచ్చేస్తుంది, రూపాయి ఖర్చు లేదు. నేలకి వాడేసిన టీ పొడి. కానీ ఎండలో కరకరలాడేదాకా ఆరబెట్టాలి, తేమ మిగిలితే బూజు పడుతుంది. రాళ్లకి పలక ముక్కలు సుత్తితో కొట్టండి, మార్కాపురం పలక పొరలు పొరలుగా విడిపోతుంది, రంగు వేయక్కర్లేదు కూడా.

మంచుకి చాలామంది వంటసోడా, జిగురు అంటారు. కొన్నాళ్లకి పసుపెక్కుతుంది, వద్దు. ముగ్గుపిండి తెచ్చుకోండి, సన్నగా జల్లించి ఫెవికాల్, తెల్ల అక్రిలిక్ కలిపి ఇడ్లీ పిండి జారుడుకి తెచ్చుకుని పెట్టండి. పైన తడి ఆరకముందే పొడి ముగ్గు చల్లితే కొత్తగా పడ్డ మంచులా ఉంటుంది. గుంటల్లో లేత నీలం బూడిద వాష్ పొయ్యాలి. తెలుపు తెలుపుగా వదిలేస్తే సున్నం బట్టీ అనుకుంటారు. బూట్ల వెనక అడుగుజాడలు తడిగా ఉన్నప్పుడే నొక్కండి.

సైదాపురం_మెరుపు (సైదాపురం)

మంచు మెరవాలంటే మా ఊరి అభ్రకం పొడి చిటికెడు కలపండి. చిటికెడే. ఎక్కువైతే కెనడా అడవి కాస్తా పెళ్లి మండపం అయిపోతుంది.

కృష్ణపట్నం_వార్నిష్ (ముత్తుకూరు)

సముద్రం పక్క ఇంకో కష్టం ఉంది, తేమ. కార్తీకమాసం వానల్లో స్ప్రే ప్రైమర్ కొడితే బొమ్మ మీద గరుకుగా పొడి కడుతుంది. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొడితే తెల్లగా పొగ కమ్ముతుంది, అంత కష్టపడి వేసిన గళ్లు దాని కింద కనపడకుండా పోతాయి. అందుకని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా స్ప్రే డబ్బా ముట్టుకోను, రెండూ బ్రష్‌తోనే. మిగతా నెలల్లో కూడా ఎండ బాగా ఎక్కాక మేడ మీద, గాలి లేనప్పుడు. మెకానిక్ షాపుల దగ్గర దొరికే బూడిద రంగు ప్రైమర్ మెటల్‌కి బానే పడుతుంది. ప్లాస్టిక్ మీద మాత్రం ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూడండి, కొన్ని ప్లాస్టిక్‌లు కరుగుతాయి. ప్రైమర్‌కి ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగాలి, అచ్చు నుంచి తీసేటప్పటి జిడ్డు ఉంటుంది.

రోహిణీ కార్తెలో దీనికి తిరగబడి, రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకరీ బటర్ పేపరు, దాని మీద రంగు. ఫ్యాన్ ఆపెయ్యాలి, చెమట ఓర్చుకోవాలి, వేరే దారి లేదు.

సింగరాయకొండ_డైస్

ఉచ్చులు ఏం రంగు వేస్తున్నావు తమ్ముడూ? వాడి భుజాన గొలుసుతో వేలాడేది ఉంది కదా, రెండు దవడలు, మధ్యలో జంతువు కాలు పడే రేకు. అందరూ నారింజ తుప్పు పూస్తారు. ఒళ్లు మండుతుంది నాకు. పని చేసే ట్రాపర్ ఉచ్చుని తుప్పు పట్టనిస్తాడా? చెట్టు బెరడుతో గానీ అక్రోటు తొక్కలతో గానీ నీళ్లలో ఉడకబెట్టేవాళ్లు, ఇనుము నల్లగా మారేది, మనిషి వాసన కూడా పోయేది. ఆ పైన మైనం పట్టించేవాళ్లు. కాబట్టి నలుపు గోధుమ వేసి, దవడ అంచుల్లో మాత్రం పెన్సిలు లెడ్డు పొడి వేలితో రుద్దు. అచ్చం ఇనుము మెరుపు. తుప్పు కావాలంటే పాడుబడ్డ శిబిరం గోడకి వేలాడే ఉచ్చుకి వెయ్యి, అక్కడ అది కథ చెప్తుంది.

బీవర్ చర్మాల సంగతి కూడా. వాటిని గుండ్రంగా వంచిన కొమ్మ చట్రానికి కట్టి ఆరబెడతారు. బొచ్చు వైపు ముదురు, లోపలి వైపు లేత మాంసం రంగు. ముడుచుకున్న చోట లోపలి వైపు కాస్త కనిపిస్తే నీ గోధుమ ముద్ద సమస్య సగం తీరినట్టే.

సైదాపురం_మెరుపు

అసలు కెనడా ఎందుకబ్బా? 1920ల్లో రాపూరు, గూడూరు తాలూకాల్లో అభ్రకం గనులు నడుస్తుండేవి. లాంతరు పట్టుకుని గనిలోకి దిగితే గోడలన్నీ మెరుస్తాయి, ఆ మెరుపులో ఒకటి మాత్రం కదులుతుంది. దీనికంటే హారర్ ఏం కావాలి? ఉచ్చులవాళ్లు మనకీ ఉన్నారు. పొలాల్లో పొగబెట్టి ఎలుకలు పట్టే యానాదులు, నల్లమలలో చెంచులు.

మైపాడు_మాస్టారు

ఆలోచన బాగుంది, కానీ ఒక షరతు. ఆ మనుషుల్ని బల్ల మీదికి తెస్తే దారి తెలిసినవాళ్లుగా, తెలివైనవాళ్లుగా తేవాలి. పాత పల్ప్ పత్రికల్లో స్థానికుడంటే అయితే కూలీ, లేకపోతే క్షుద్రపూజారి. చవక కలపగుజ్జు కాగితం మీద అచ్చేసిన ఆ కథల మోజు మనకి ఉండొచ్చు, ఆ చూపు అక్కర్లేదు. కెనడా కథలో విండిగోని తెచ్చినా అంతే. అది అల్గాంక్వియన్ తెగల నమ్మకం, చలికాలపు ఆకలికి, దురాశకి ముడిపడినది. ఉత్త కొమ్ముల రాక్షసుడిలా వాడేస్తే కథే పలచబడుతుంది.

దర్గామిట్ట_బల్ల

ఒప్పుకుంటున్నా మాస్టారూ. కెనడా అయ్యాక రెండో కథ అభ్రకం గనిలోనే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో వచ్చింది. కనిగిరి, పొదిలి కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. కాబట్టి ఒంగోలు పాలెట్ గారు ‘మా జిల్లా ఏది’ అని అడగడానికి లేదు.

ఒంగోలు_పాలెట్

ఒంగోలు అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది, మేము గుంటూరు తరఫున దిగుతాం.

లాంతరు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, కావలి తమ్ముడి ముఠాలో ఒకడి చేతిలో లాంతరు ఉంది. వెలుగు వెయ్యాలనుకుంటే మొత్తం బొమ్మని ముందు ముదురు చెయ్యాలి, లేకపోతే వెలుగు కనపడదు. లాంతరు అద్దం లేత పసుపు, దాదాపు తెలుపు. దానికి దగ్గరగా ఉన్న చేతి వేళ్లు, కోటు అంచు, గడ్డం కింది భాగం పలచటి నారింజ. దూరం పోయేకొద్దీ ఎర్రబడి ఆగిపోవాలి. వెలుగు పడిన చోటు లాంతరు కంటే ప్రకాశంగా ఉండకూడదు. ముఠాలో ఒక్కడికే చెయ్యి, అందరికీ చేస్తే దీపావళి.

కావలి_కుంచె

కోటు లేత చేసి, టోపీ నల్లగా వేసి, మాస్టారు చెప్పినట్టు ఫొటోలో రంగు తీసి చూశా. తుపాకి, కోటు విడిపోయాయి. గడ్డం, టోపీ తోక మాత్రం ఇంకా కలిసే ఉన్నాయి. కొత్త ఫొటో పెట్టా. గళ్ల కోటు ఎడమ చెయ్యి బాగా వచ్చింది, కుడి చెయ్యి ఎవరికీ చూపించను. కళ్లు వెయ్యాలా? టోపీ అంచు కింద చోటే లేదు.

పాటూరు_పడుగు

కుడి చేతిలో తుపాకి ఉంది కదా, ఎవరు చూస్తారు. గడ్డానికి బూడిద కలుపు, వాడి వయసు పెంచు, విడిపోతుంది. కళ్లు వద్దు. టోపీ నీడలో ముదురు గోధుమ గీత ఒకటి పెట్టి వదిలెయ్, గుడ్లు పెడితే ఉలిక్కిపడ్డ మొహం వస్తుంది. ముక్కు కొస మీద, బుగ్గ మీద కాస్త ఎరుపు కలుపు, చలిలో ఉన్నాడు పాపం.

కృష్ణపట్నం_వార్నిష్

వార్నిష్ మొత్తం మ్యాట్ వేసి, ఆరాక బూట్ల మీద, బెల్టు మీద మాత్రం శాటిన్ (కొంచెం మెరిసే) వార్నిష్ బ్రష్‌తో పెట్టు. తోలు, ఉన్ని ఇంకోసారి విడిపోతాయి. మంచు బేస్ వార్నిష్ అయ్యాకే, ముందు చేస్తే అభ్రకం మెరుపు చచ్చిపోతుంది.

దర్గామిట్ట_బల్ల

ఆదివారం పదింటికి మొదలు. బల్ల నాలుగడుగులకి నాలుగడుగులు, చెట్లు, శిబిరం నావి. పదివైపుల పాచికలు ఎవరి దగ్గరుంటే వాళ్లు తెండి, నా దగ్గర సరిపోవు. పాటూరు అక్క వస్తానన్నారు. తమ్ముడూ, మెటల్ బొమ్మల్ని డబ్బాలో ఊరికే పడేసి బస్సెక్కితే ముక్కులు, తుపాకులు రాసుకుని రంగు లేచిపోతుంది. బేస్ కింద చిన్న అయస్కాంతం అతికించి, అది అంటుకునే స్టీలు టిఫిన్ డబ్బాలో నిలబెట్టి తీసుకురా. పై అరలో ఉప్మా పెట్టొద్దు.